దుకాణం చేతులు దులుపుకుంటే భారం భూమి మీదనే

పెండ్లి కుదిరిందంటే మన ఊళ్ళ వాళ్ళు బట్టలకు పత్తర్‌గట్టికే పోతారు. అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి, నయాపూల్ దాటి, మదీనా చౌరస్తా నుంచి చార్మినార్ వైపు నడిస్తే రెండు పక్కలా రాతి కమాన్ల కింద వరుసగా దుకాణాలు. 1908 మూసీ వరదల తర్వాత నగరాన్ని తిరిగి దిద్దడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఆ బోర్డు కట్టించిన బజారు ఇది. పట్టుచీరలు, షేర్వానీలు, ముత్యాలు, అత్తరు, అన్నీ అక్కడే దొరుకుతాయి. పత్తి అమ్మిన పైసలు చేతికి రాగానే మనం పరుగెత్తేది అక్కడికే.

అయితే మన ముందు తాను విప్పి పరిచేది ఎవరు? గోదాము నుంచి మూటలు మోసుకొచ్చేది ఎవరు? మాట కలిపి చూడండి. ఒకరిది రంగారెడ్డి జిల్లా అంటారు, ఇంకొకరిది నల్లగొండ, మరొకరిది పాలమూరు. పాతబస్తీ పిల్లల పక్కనే మన రైతుల పిల్లలు నిలబడి ఉంటారు. బోరు ఎండినోళ్ళు, అప్పు తీరక అరక అమ్ముకున్నోళ్ళు, అన్నదమ్ముల్లో భూమి పంచితే ఎకరం కూడా రానోళ్ళు. ఈ నెల మనం మాట్లాడుకోవాల్సింది వాళ్ళ ముసలితనం గురించి. దానితో పాటే మన ముసలితనం గురించి.

మొన్న మన సంఘం సభ్యుడొకరు తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చారు. తమ్ముడికి 58 ఏళ్ళు. 32 ఏళ్ళ వయసులో బోరు ఎండిపోతే, ఉన్న రెండెకరాలు అన్నకు అప్పజెప్పి పట్నం పోయాడు. పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణంలో చేరాడు. 26 ఏళ్ళు అదే దుకాణం. పొద్దున పదింటికి తలుపు తీసేటప్పుడు ఉండాలి, రాత్రి తాన్లన్నీ మడిచి పెట్టాక పోవాలి. రంజాన్ నెలలో అర్ధరాత్రి దాటేది. రోజంతా నిలబడే పని. చివరికి మోకాళ్ళు వాచి మెట్లెక్కడం కష్టమైంది. చివరి జీతం నెలకు 13,000 రూపాయలు.

పాత సేటు చనిపోయాక ఆయన కొడుకులు దుకాణం పంచుకున్నారు. "ఇంక ఇంటికాడ రెస్ట్ తీసుకో కాకా" అన్నారు. ఒక నెల జీతం, ఒక జత బట్టలు, మిఠాయి డబ్బా చేతిలో పెట్టారు. 26 ఏళ్ళ లెక్క అంతటితో ముగిసింది.

"వీనికేమన్న వస్తదా అన్నా?" అని అడిగారు మన సభ్యుడు. తమ్ముడు మాత్రం "సేటు మంచోడేనే, బిడ్డ పెండ్లికి బట్టలు పెట్టిండు. జరమొస్తే పైసలిచ్చిండు. ఇప్పుడు అడిగితే ఏం బాగుంటది" అని మొహమాటపడ్డాడు.

ఆ మొహమాటం దగ్గరే మనం ఆగి ఆలోచించాలి. సేటు మంచోడే కావచ్చు. పెండ్లికి పెట్టిన బట్టలు ఆయన మంచితనం. గ్రాట్యుటీ, పీఎఫ్, పెన్షన్ మాత్రం ఎవరి మంచితనమూ కాదు. అవి చేసిన పనికి ఇవ్వాల్సిన జీతంలో తర్వాత ఇచ్చేందుకు ఆపిపెట్టిన భాగం. నకారా కేసులో 1982 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు ఈ మాటే తేల్చింది. పెన్షన్ యజమాని దయతో ఇచ్చే బహుమానం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని చెప్పింది. అది ప్రభుత్వ పెన్షనర్ల కేసు. కానీ న్యాయం ప్రభుత్వ ఉద్యోగికి ఒకటి, దుకాణం గుమాస్తాకు ఒకటి ఉండదు గదా.

చట్టం ప్రకారం ఆ తమ్ముడికి ఎంత రావాలో కాగితం మీద వేసి చూశాం.

మొదట గ్రాట్యుటీ. 1972 నుంచీ ఉన్న హక్కు ఇది. పది మంది, అంతకు మించి పనిచేసే దుకాణంలో ఐదేళ్ళు విడవకుండా పనిచేసిన వారికి, మానేసేటప్పుడు ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున ఇవ్వాలి. నెలకు 26 పనిదినాలుగా లెక్క. 13,000ను 26తో భాగిస్తే రోజుకు 500. పదిహేను రోజులకు 7,500. 26 ఏళ్ళకు 1,95,000 రూపాయలు.

రెండోది పీఎఫ్, పెన్షన్. 1952 చట్టం ప్రకారం ఇరవై మంది, అంతకు మించి పనిచేసే చోట కార్మికుడి జీతంలోంచి 12 శాతం, యజమాని సొంత సొమ్ములోంచి 12 శాతం జమ కావాలి. యజమాని వాటాలో 8.33 శాతం పెన్షన్ నిధికి పోతుంది, మిగిలింది కార్మికుడి పీఎఫ్ ఖాతాలో పడుతుంది. 13,000 జీతం మీద ఖాతాలో నెలకు 2,037 రూపాయలు పడాలి. అదే జీతం ఐదేళ్ళు ఉందనుకున్నా, ఆ ఐదేళ్ళకే వడ్డీ కలపకుండా 1,22,220. మొత్తం 26 ఏళ్ళకు వడ్డీతో ఎంతయ్యేదో మీరే ఊహించుకోండి. పెన్షన్ లెక్క వేరు. చివరి 60 నెలల సగటు జీతాన్ని సర్వీసు ఏళ్ళతో గుణించి 70తో భాగిస్తారు. ఇరవై ఏళ్ళు దాటి పనిచేసి 58 ఏళ్ళకు దిగినవారికి రెండేళ్ళు అదనంగా కలుపుతారు. సగటు 13,000 అనుకుంటే, 28 ఏళ్ళకు నెలకు 5,200 రూపాయలు. బతికినన్నాళ్ళు వస్తుంది. తన తర్వాత భార్యకు కొంత వస్తుంది.

మూడోది ఈఎస్‌ఐ. పది మంది ఉన్న దుకాణానికి వర్తిస్తుంది. జీతం 21,000 లోపు ఉంటే కార్మికుడు 0.75 శాతం, యజమాని 3.25 శాతం కట్టాలి. ఆ కార్డు ఉండి ఉంటే వాచిన మోకాళ్ళతో ఆ మనిషి సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆస్పత్రికి పోయి ఖర్చు లేకుండా చూపించుకునేవాడు. ఇప్పుడు మందులకు అన్న దగ్గర చెయ్యి చాపుతున్నాడు.

ఇంత ఉన్నా ఆయనకు ఒక్కటీ ఎందుకు అందలేదు? చట్టానికి వాకిలి ఉంది. ఆ వాకిలి దగ్గర ఇరవై అని, పది అని అంకెలు రాసి ఉన్నాయి. మనిషి అవసరం ఎంత, ఎన్నేళ్ళు పనిచేశాడు అని కాదు, పక్కన ఇంకా ఎంతమంది నిలబడ్డారు అని ముందు లెక్కపెడతారు. పంతొమ్మిది మంది ఉన్న దుకాణంలో ముప్పై ఏళ్ళు పనిచేసినా పీఎఫ్ అడిగే హక్కు రాదు. ఇరవయ్యో మనిషి చేరితే వస్తుంది. పత్తర్‌గట్టిలో చాలా దుకాణాలు నిజంగానే చిన్నవి. నలుగురైదుగురితో నడిచేవి. అక్కడ చట్టం గడప దగ్గరే ఆగిపోతుంది.

కానీ మన సభ్యుడి తమ్ముడు పనిచేసింది చిన్న దుకాణంలో కాదు. కింద చీరలు, పైన సూటు బట్ట, వెనక సందులో గోదాము, ఇంకోచోట కుట్టుపని. మొత్తం 24 మంది. కానీ బోర్డులు మూడు, కాగితాల మీద మూడు పేర్లు, ఒక్కో పేరు కింద తొమ్మిది మందికి మించకుండా లెక్క. జీతం చేతికి నగదు. అపాయింట్‌మెంట్ కాగితం లేదు, జీతం చీటీ లేదు. హాజరు పుస్తకం గల్లాపెట్టె పక్కనే ఉండేదట, అది సేటు దగ్గరే ఉంది.

ఇలాంటి ఎత్తు వేస్తారని చట్టం చేసినవాళ్ళకు తెలుసు. ఒకే సంస్థకు ఎన్ని శాఖలు, ఎన్ని విభాగాలు ఉన్నా, అవి వేరు వేరు చోట్ల ఉన్నా, అన్నీ కలిపి ఒకే సంస్థగా లెక్కించాలని పీఎఫ్ చట్టంలో స్పష్టంగా ఉంది. ఒకసారి చట్టం కిందికి వచ్చిన దుకాణం తర్వాత మనుషులను తగ్గించినా బయటికి పోలేదు. యజమాని తన వాటాను కూడా కార్మికుడి జీతంలోంచే కోయడం నిషేధం. కార్మికుడి జీతంలోంచి కోసిన సొమ్ము నిధికి కట్టకుండా వాడుకుంటే అది నమ్మకద్రోహం నేరం, జైలుశిక్ష దాకా పోతుంది. ఆలస్యం చేస్తే 12 శాతం వడ్డీ, దానిపైన నష్టపరిహారం. ఇవన్నీ రాసి ఉన్నాయి. నడిపించేవాళ్ళే కావాలి.

ఆ తమ్ముడి గ్రాట్యుటీ కోసం ముందు యజమానికి, తర్వాత కార్మిక శాఖ అధికారికి దరఖాస్తు పెట్టించాం. మూడు బోర్డులూ ఒకే గల్లా అని రుజువు చేయాల్సి ఉంది. ఆయన చేతిరాతతో ఉన్న పాత బిల్లు పుస్తకం అట్టలు, పండుగలప్పుడు సిబ్బంది అంతా కలిసి దిగిన ఫోటోలు, తోటి పనివాళ్ళ మాట, ఇవే మా దగ్గరున్న సాక్ష్యాలు. కేసు నడుస్తోంది. గెలుస్తామని హామీ ఇవ్వలేం. కానీ అడగకుండా వదిలేస్తే ఓడిపోయినట్టేనని మాత్రం తెలుసు.

ఇక్కడ కొందరు సభ్యులకు సందేహం రావచ్చు. మనది రైతు సంఘం. మద్దతు ధర, కరెంటు, ఎరువులు, పంట నష్టం మన పని. పట్నం దుకాణంలో పీఎఫ్ గొడవ మనకెందుకు అని. సంఘం సమావేశంలో ఈ మాట వచ్చింది కూడా. జవాబు ఆ అన్న ఇంట్లోనే ఉంది. తమ్ముడు తిరిగొచ్చాడు. వచ్చింది ఎక్కడికి? ఆ రెండెకరాల మీదికే. ఇప్పుడు ఆ భూమి రెండు కుటుంబాలకు తిండి పెట్టాలి, రెండు జతల మోకాళ్ళకు మందులు కొనాలి. ఇరవై ఆరేళ్ళు ఆ మనిషి కండను వాడుకున్నది పత్తర్‌గట్టి. ఆయన ముసలితనాన్ని మోసేది మాత్రం పల్లెలోని పత్తిచేను. పట్నంలో జీతం తక్కువ ఇవ్వగలుగుతున్నది, పెన్షన్ ఎగవేయగలుగుతున్నది దేన్ని చూసుకుని? ఊళ్ళో ఎంతో కొంత భూమి ఉంది, ఎవరో ఒకరు అన్నం పెడతారు అన్న ధీమా చూసుకుని. అంటే పట్నం వ్యాపారానికి మన భూమి తెలియకుండానే రాయితీ ఇస్తోంది. మన పంటకు గిట్టుబాటు రాకపోవడం ఒక నష్టం. కట్టని పీఎఫ్‌ను మన పంట కట్టడం రెండో నష్టం. అందుకే ఇది రైతు సమస్యే.

ఈ హక్కు చట్టంలో ఎంత బలమైనదో రైతులకు బాగా తెలిసిన చోటు నుంచే చెబుతాం. మహారాష్ట్రలో సహకార చక్కెర ఫ్యాక్టరీలు కార్మికుల పీఎఫ్ బాకీ పడ్డాయి. గోదాములోని చక్కెర బస్తాలు మాత్రం బ్యాంకుకు తాకట్టులో ఉన్నాయి. ఆ బస్తాల మీద ముందు హక్కు ఎవరిది అన్న తగాదా సుప్రీంకోర్టుకు పోయింది. 2009లో కోర్టు తేల్చింది. తాకట్టు పెట్టుకున్న బ్యాంకు కన్నా పీఎఫ్ బాకీయే ముందు, అసలే కాదు వడ్డీ, పరిహారం కూడా. తర్వాత వచ్చిన 2016 దివాలా చట్టంలో కూడా, కంపెనీని అమ్మి అప్పులవాళ్ళకు పంచేటప్పుడు కార్మికుల పీఎఫ్, పెన్షన్, గ్రాట్యుటీ నిధుల సొమ్మును ఆ పంపకంలో కలపకూడదని రాశారు.

ఇప్పుడు మన బోధన్‌ను గుర్తు చేసుకోండి. శక్కర్‌నగర్‌లో 1937లో పుట్టిన నిజాం షుగర్స్‌ను 2002లో ప్రైవేటు భాగస్వామి చేతికి ఇచ్చారు. 2015 డిసెంబర్‌లో బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి మూడు యూనిట్లకూ లేఆఫ్ ప్రకటించారు. 2019లో కంపెనీ లా ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కు ఆదేశించింది. కార్మికులు బాకీల కోసం ఏళ్ళ తరబడి రోడ్డెక్కారు. చెరకు రైతులు పంటే మార్చుకోవాల్సి వచ్చింది. ఒకే ఫ్యాక్టరీ మూతపడితే లోపలున్నవాడూ బయటున్నవాడూ కలిసే మునుగుతారని బోధన్ నేర్పింది.

కానీ అలాంటి చోట వసూలు వరుసలో ఇద్దరి స్థానం ఒకటి కాదు. 1966 చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం రైతుకు 14 రోజుల్లో చెల్లించాలి, లేదంటే 15 శాతం వడ్డీ ఇవ్వాలి. మంచి నియమమే. కానీ ఫ్యాక్టరీ దివాలా తీసి ఆస్తులు అమ్మితే, తాకట్టు బ్యాంకులు, కార్మికుల వేతనాలు, ఇతర ఫైనాన్స్ అప్పులు, ప్రభుత్వ బాకీలు అన్నీ తీరాక మిగిలిన అప్పుల పద్దులో రైతు పేరు వస్తుంది. అక్కడిదాకా వచ్చేసరికి మిగిలేది సున్నా. కార్మికుడికి ఆ రక్షణ ఎందుకిచ్చారని మనం అడగడం లేదు. పోరాడి సాధించుకున్న రక్షణ అది. నమ్మి ముందే సరుకు అప్పజెప్పిన రైతుకు అదే రక్షణ ఎందుకు లేదని అడుగుతున్నాం.

మన సొంత ముసలితనం సంగతి చూద్దాం. దుకాణం గుమాస్తాకు కనీసం యజమాని ఒకడున్నాడు, అడగడానికి మనిషి ఉన్నాడు. రైతుకు ఎవరున్నారు? రైతు బీమా 2018లో వచ్చింది. రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు. మంచి పథకం, ఎన్నో ఇళ్ళను ఆదుకుంది. కానీ అది 18 నుంచి 59 ఏళ్ళ వరకే. అరవై నిండిన రోజున రైతు బీమాలోంచి బయటికి వస్తాడు. పట్టా పాస్‌బుక్ లేని కౌలు రైతు మొదటినుంచీ బయటే. కేంద్రం 2019 సెప్టెంబర్‌లో కిసాన్ మాన్‌ధన్ తెచ్చింది. రెండు హెక్టార్లలోపు భూమి ఉన్నవారు నెలకు 55 నుంచి 200 రూపాయలు కడితే, కేంద్రం అంతే కలిపి, అరవై ఏళ్ళకు నెలకు 3,000 ఇస్తుంది. చేరడానికి వయసు 40 దాటకూడదు. అంటే పథకం వచ్చేనాటికే నలభై దాటిన మనలో చాలామందికి తలుపు మూసే ఉంది. ఇరవై ఏళ్ళకు చేరిన పిల్లవాడికి 2059లో వచ్చేది కూడా అదే 3,000. ధరలు పెరిగితే పెన్షన్ పెరిగే ఏర్పాటు లేదు. 2059లో 3,000కు ఏమొస్తుందో ఆలోచించండి.

ఇక మిగిలేది ఆసరా. 2014లో 1,000తో మొదలై 2019 నుంచి 2,016 అయింది. 2023 ఎన్నికల్లో 4,000 ఇస్తామన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి 4,000 ఇస్తున్నారు. ఇంకో విచిత్రం. ఏళ్ళ తరబడి చందా కట్టిన పీఎఫ్ పెన్షనర్‌కు 2014 సెప్టెంబర్‌లో ఖరారు చేసిన కనీస పెన్షన్ 1,000 రూపాయలు. అంటే చందా కట్టి తీసుకునే కనీస పెన్షన్ ఆసరా కన్నా తక్కువ. ఆసరా ఎక్కువైందని కాదు, ఇది అన్యాయంగా తక్కువైందని. ఆసరా ఉన్నా అది పథకమే. ప్రభుత్వం మారితే అంకె మారుతుంది, జాబితా మారుతుంది. పథకం కోసం చేతులు జోడించాలి. హక్కయితే దస్తావేజు చూపించి అడగవచ్చు.

చట్టం గడప దాటి రాలేదనే వాళ్ళకు మన ఇళ్ళలోనే జవాబుంది. నిజామాబాద్, కరీంనగర్ వైపు రైతుల ఇళ్ళలో ఆడవాళ్ళు బీడీలు చుడతారు. వాళ్ళకు ఫ్యాక్టరీ లేదు, ఇల్లే పనిస్థలం. అయినా 1977లో బీడీ పరిశ్రమను పీఎఫ్ చట్టం కిందికి తెచ్చారు. ఇంట్లో కూర్చుని చుట్టేవాళ్ళు మా ఉద్యోగులు కాదని యజమానులు కోర్టుకెక్కితే, 1985లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఇంటినుంచి చేసినా కార్మికురాలే అంది. ఈ రోజు ఎంతోమంది బీడీ అక్కల దగ్గర పీఎఫ్ కాగితం ఉంది. ఇంటి అరుగు మీదికి రాగలిగిన చట్టం పత్తర్‌గట్టి దుకాణంలోకి ఎందుకు రాలేదు?

మహారాష్ట్రలో 1969లో మాథాడీ చట్టం చేశారు. హమాలీకి ఒక యజమాని ఉండడు, రోజుకు పది మంది సరుకు మోస్తాడు. అందుకని అక్కడ బోర్డు పెట్టారు. సరుకు మోయించుకున్న ప్రతి వ్యాపారీ కూలితో పాటు కొంత శాతం బోర్డుకు కడతాడు. పీఎఫ్, గ్రాట్యుటీ బోర్డే చూస్తుంది. కేరళలో 2019లో రైతు సంక్షేమ నిధి చట్టమే చేశారు. రైతు నెలనెలా చందా కడితే ప్రభుత్వం తన వాటా కలిపి పెన్షన్ ఇవ్వాలన్నది దాని ఆలోచన. దారి లేదని ఎవరూ అనలేరు.

మన పల్లెల నుంచి అమెరికా పోయిన పిల్లలకు అక్కడి ఉద్యోగంలో దొరికే రక్షణ కూడా ఊరికే రాలేదు. 1963లో సౌత్ బెండ్ అనే ఊళ్ళో స్టూడ్‌బేకర్ కార్ల ఫ్యాక్టరీ మూతపడింది. పెన్షన్ నిధిలో సరిపడా సొమ్ము లేదు. అరవై నిండినవాళ్ళకు పెన్షన్ దక్కింది కానీ, నలభై దాటిన వేలమందికి రావాల్సిన దాంట్లో చిన్న భాగమే ముట్టింది. ఆ గోడు పదకొండేళ్ళు దేశమంతా తిరిగి 1974లో పెన్షన్ నిధులను కాపాడే చట్టం అయింది. ఎక్కడైనా అంతే. నష్టపోయినవాళ్ళు నోరు విప్పితేనే చట్టం పుడుతుంది.

చిన్న వ్యాపారి ఏమంటాడో మనకు తెలుసు. ఆన్‌లైన్ అమ్మకాలు, పెద్ద మాల్స్ వచ్చి బేరాలు తగ్గాయి, ఇంకా పీఎఫ్ కూడా కట్టమంటే దుకాణం మూసుకోవాల్సిందే అంటాడు. చిన్న రైతులం కనుక ఈ బాధ మనకు అర్థమవుతుంది. దాన్ని కొట్టిపారేయం. కానీ లెక్క చూడండి. 13,000 జీతానికి యజమాని పీఎఫ్ వాటా నెలకు 1,560. పనిదినానికి 60 రూపాయలు. ఒక పట్టుచీర బేరంలో వదులుకునే దానికన్నా తక్కువ. నలుగురు పనివాళ్ళున్న దుకాణానికి రిటర్నులు, ఆఫీసుల చుట్టూ తిరగడం నిజంగా భారమే. అందుకే మాథాడీ బోర్డు లాంటిది కావాలంటున్నాం. కాగితాల పని బోర్డు చూసుకుంటుంది, దుకాణం నెలకు ఇంత అని కడుతుంది. పీఎఫ్ కట్టే దుకాణం కట్టని పక్క దుకాణంతో పోటీపడలేక నష్టపోతోంది. అందరూ కడితే ఆ నష్టం ఉండదు.

2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిందని కేంద్రం ప్రకటించింది. పాత చట్టాలను ఒకచోట చేర్చారు. గడువు కాంట్రాక్టు మీద పనిచేసేవారికి ఏడాదికే గ్రాట్యుటీ వస్తుందన్నారు. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలని పక్కనున్న మరో కోడ్ చెబుతోంది. ఇవి మేలే. కానీ ఇరవై, పది అంకెలు ఎక్కడివక్కడే ఉన్నాయి. పైగా పీఎఫ్ బాకీ మీద విచారణ మొదలుపెట్టడానికి ఐదేళ్ళ గడువు పెట్టారు. మోకాళ్ళు అరిగి ఇంటికొచ్చాక గానీ మన పిల్లలకు ఎగవేత సంగతి తెలియదు. అప్పటికి గడువు దాటితే ఎవరిని అడగాలి?

అందుకే మన సంఘం ఈ ఐదు కోర్కెలు ముందు పెడుతోంది. పీఎఫ్‌కు ఇరవై మంది, గ్రాట్యుటీకి పది మంది అన్న గీతలు చెరపాలి, చిన్న దుకాణాలకు రాష్ట్రంలో సంక్షేమ బోర్డు పెట్టాలి. పీఎఫ్ కనీస పెన్షన్ పెంచి ధరలతో ముడిపెట్టాలి. విచారణకు ఐదేళ్ళ గడువు ఎత్తేయాలి. మూతపడిన ఫ్యాక్టరీల నుంచి రైతుకు రావాల్సిన పంట బాకీకి కార్మికుల బాకీతో సమాన స్థానం ఇవ్వాలి. అరవై నిండిన ప్రతి రైతుకు, కౌలు రైతుకు, కూలీకి పెన్షన్‌ను పథకంగా కాకుండా చట్టంగా ఇవ్వాలి.

కోర్కెలు తీరేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. ఈ నెల గ్రామ కమిటీ సమావేశంలో ఒక పని చేయండి. మీ ఊరినుంచి పట్నంలో దుకాణాల్లో, గోదాముల్లో, సెక్యూరిటీ పనిలో ఉన్నవాళ్ళ జాబితా రాయండి. జీతంలో పీఎఫ్ కోత ఉందా అని ఫోన్ చేసి అడగండి. ఉంటే యూఏఎన్ నంబరు తెలుసుకుని ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ చూడమనండి. కోత ఉండి జమ లేకపోతే ఆలస్యం చేయకుండా బర్కత్‌పురాలోని పీఎఫ్ ఆఫీసులో ఫిర్యాదు పెట్టించండి. జీతం బ్యాంకులో వేయమని అడగమనండి. నగదే ఇస్తే ప్రతి నెలా తేదీతో నోటుబుక్కులో రాసుకోమనండి. దుకాణం గుర్తింపు కార్డు, ఫోటో, రాసిన బిల్లు, ఏది దొరికితే అది దాచమనండి. ఈ రోజు చెత్త అనుకున్న కాగితమే రేపు సాక్ష్యం.

ఆ తమ్ముడు ఇప్పుడు ఊళ్ళోనే ఉన్నాడు. 26 ఏళ్ళు గజాల లెక్కన బట్ట కొలిచి ఇచ్చిన మనిషి, మోకాళ్ళకు గుడ్డ చుట్టుకుని అన్న చేనుకు కాపలా పోతున్నాడు. ఆయనకు రావాల్సింది ఎంతో మనం లెక్క వేశాం. ఆ లెక్కను వసూలు దాకా తీసుకుపోవడం సంఘం పని. అడగడానికి ఆయన మొహమాటపడ్డాడు, మనం పడవద్దు.